నక్క చల్లార్చిన సముద్రం

ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పల్లం ఉంది. మోకాలెత్తు పచ్చిక, బురద మడుగు, మూతి పెడితే చాలు పీతలు. దాని వెనకే ఇసుక మెరక. మెరక మీద మొగలి పొదలు, ఎండుగడ్డి తప్ప ఇంకేమీ లేవు. అయినా తుఫానుల కాలం రాగానే పల్లంలోని గేదెలన్నీ మెరకెక్కేవి. దూడల్ని మధ్యలో పెట్టుకుని, కాలం గడిచేదాకా అక్కడే నిలబడేవి. తాతల నాటి కట్టుబాటు అది. కడుపు మాడేది, ప్రాణం నిలిచేది.

ఈ కట్టుబాటు నక్కకు గిట్టేది కాదు. పల్లంలో గేదెలు మేతకని చెదిరిపోతాయి, పసిదూడ ఎక్కడో ఒకచోట ఒంటరిగా చిక్కుతుంది. మెరక మీద ఆ కొమ్ముల గోడ దాటడం ఏ నక్క వల్లా కాలేదు. ఆ ఏడు మందకు పెద్దదైన కర్రెమ్మ ఈనింది. దూడను చూసినప్పటి నుంచి నక్కకు కంటి మీద కునుకు లేదు.

మంద మెరకవైపు తిరిగిన పొద్దున నక్క కర్రెమ్మకు ఎదురొచ్చింది.

"ఎక్కడికక్కా ప్రయాణం?"

"తెలియనట్టు అడుగుతావేం తమ్ముడూ? గాలి కాలం."

"ఏం గాలక్కా. నిరుడొచ్చిన దానికి నా తోక వెంట్రుక కదల్లేదు. ముందటేడుది ఒడ్డు చేరకుండానే చచ్చింది. తుఫానులు ముసలివైపోయాయి. పచ్చి బాలింతవి, ఎండుగడ్డి నమిలి బిడ్డకేం పాలిస్తావు?"

చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. కొన్నేళ్ళుగా గాలులు నిజంగానే నీరసంగా వచ్చిపోతున్నాయి. కుర్ర దున్నలు తాతల పిరికితనం మీద జోకులేశాయి. కర్రెమ్మ మాత్రం వేడెక్కిన సముద్రమే తుఫానును మేపుతుందని పెద్దలు చెప్పిన మాట గుర్తుచేసింది. నక్క వెంటనే కర్రెమ్మను ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకుపోయి కాలు పెట్టించింది. నీళ్ళు జిల్లుమన్నాయి. ఇక మేపేదెవరని నక్క నవ్వింది. మంద వెనక్కి, పల్లంలోకి తిరిగింది.

కర్రెమ్మ మనసు ఒప్పక ఒడ్డునే నిలబడిపోయింది. అంతలో దూరదేశం నుంచి తాబేలు పెద్దమ్మ రొప్పుతూ వచ్చి ఇసుకలో చతికిలబడింది. అంత అలసటేమిటని కర్రెమ్మ అడిగింది.

"అలసట కాదే, ఉడుకు. దారి పొడుగునా వేడినీళ్ళే. ఎంత లోతుకు మునిగినా చల్లదనం దొరకలేదు."

"ఇక్కడ చల్లగానే ఉంది పెద్దమ్మా. ఇప్పుడే కాలు పెట్టి చూశాను."

"నువ్వు పెట్టింది ఏటిలో. అది కొండల మీద కురిసిన వాన. ఈది లోపలికి పోయి చూడు."

కర్రెమ్మ ఈదుకుంటూ లోపలికి పోయింది. పొట్ట కింద కుడితి తొట్టిలా వెచ్చగా తగిలింది. గబగబా ఒడ్డుకు తిరిగొచ్చింది.

తాబేలు చెప్పింది: "మండుటెండలో మడుగులో దిగుతావు. పైన నీళ్ళు వేడి. నువ్వు దొర్లగానే అడుగునున్న చల్లదనం పైకొస్తుంది కదా? తుఫానూ అంతే, సముద్రంలో దొర్లుతుంది. కింద చల్లగా ఉంటే దాని పొగరు అణుగుతుంది. కిందా వేడే ఉంటే తాగినకొద్దీ బలుస్తుంది. పెద్ద సముద్రం మీది గాలులు కొన్నేళ్ళు వేడిని మనకు దూరంగా తూర్పుకు జారనిస్తాయి, కొన్నేళ్ళు ఇటు తోసి కుప్పపోస్తాయి. మీరు చూసిన ముసలి తుఫానులు ఆ చల్లటి ఏళ్ళవి. ఈ ఏడు గాలి తిరిగింది."

కర్రెమ్మ వాదన పెట్టుకోలేదు. దున్నలను ఒక్కొక్కటిగా సముద్రంలోకి తోలింది. పొట్ట మునిగేదాకా దిగిన ప్రతి దున్నా మారుమాట లేకుండా మెరక దారి పట్టింది. దూడను ముందు నడిపిస్తూ కర్రెమ్మ నక్క దగ్గర ఆగింది.

"మావాళ్ళకు భయం పోలేదు తమ్ముడూ. నీకు లేదు కదా. పల్లమంతా నీదే, పీతలన్నీ నువ్వే తిను."

ఆకలేస్తే గేదెలే దిగొస్తాయని నక్క లెక్క. పల్లంలోనే మకాం పెట్టి, కదల్లేనంతగా పీతలు మెక్కింది.

తుఫాను వచ్చింది. అబ్బ, అది రావడమా! ఆకాశం నేల మీదికి ఒరిగింది. సముద్రం అలలుగా రాలేదు, గోడగా లేచి వచ్చింది. మధ్యాహ్నానికే పచ్చిక లేదు, మడుగు లేదు, అసలు పల్లమే లేదు. మెరక మీద గేదెలు కొమ్ముకు కొమ్ము ఆనించి, దూడ చుట్టూ బిగుసుకుని నిలబడ్డాయి. నీళ్ళు మొగలి వేళ్ళ దాకా వచ్చి అక్కడే ఆగాయి.

ఆ నీళ్ళలో కొట్టుకొచ్చిన నక్క ఒక వేరు కరుచుకుని వేలాడింది. కర్రెమ్మ దూడను ఇంకాస్త లోపలికి నెట్టి, మెరక అంచున నక్కకు చోటిచ్చింది.

"ఎలా ఉంది తమ్ముడూ, ముసలి తుఫాను?"

నక్క ఉప్పునీళ్ళు కక్కుకుంటూ దూడవైపు చూసింది. మూతి ఎత్తే ఓపిక కూడా లేదు.

"ఈసారి పడుచుదొచ్చిందక్కా," అంది.

నిరుటి గాలిని తలచుకుని నిశ్చింతగా ఉండకు, ఈ ఏడాది సముద్రంలో దిగి చూడు.