పైడమ్మ వేలికట్టు

భైరవమూర్తిగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకోవాలంటే ముందు కాళ్లు గట్టిగా ఉండాలని మేమంతా వేళాకోళం చేసుకునేవాళ్లం.

మాలో సుదర్శనం చురుకైనవాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు కూడా. కొవ్వు కరిగించే చూర్ణం ఒకటి తయారుచేసి, ఊళ్లో లావుగా ఉన్న ఇరవైమందికి రెండు నెలలకు సరిపడా పొట్లాలు ఇచ్చాడు. ప్రతి శనివారం ఉదయం వైద్యశాల వసారాలో కాటా పెట్టి, ఒక్కొక్కరినీ ఎక్కించి, బరువు పైకి చదివేవాడు. తగ్గినవాళ్లను మెచ్చుకునేవాడు. తగ్గనివాళ్లు తలొంచుకుని దిగిపోయేవారు. ఏడు వారాల్లో అందరికంటే ఎక్కువ తగ్గింది మిషను కుట్టే పైడమ్మ, ఆరు కిలోలు. వైద్యుల సభలో ఆమెను నిలబెట్టి చూర్ణం గొప్ప చాటాలని అతని ఉబలాటం.

సభ వారంరోజులుందనగా, ఒక శుక్రవారం, గురువుగారు మెలిక పెట్టారు. మళ్లీ మొదటినుంచీ చేయమన్నారు. ఈసారి సగంమందికి చూర్ణం, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే, అంతే చేదైన ఉత్త పొడి. ఎవరి పొట్లంలో ఏముందో పుచ్చుకునేవాళ్లకూ తెలియకూడదు, ఇచ్చేవాళ్లకూ తెలియకూడదు. సుదర్శనానికి ఒళ్లు మండింది.

"తగ్గడం కళ్లారా చూశాను కదండీ. ఇంకా ఈ పరీక్ష ఎందుకు?" అన్నాడు.

గురువుగారు, "పైడమ్మ వేలికి కట్టు ఉంది. ఎందుకో కనుక్కునిరా," అన్నారు.

కిందటి శనివారం ఆమెను కాటా ఎక్కించింది తనే అయినా ఆ కట్టు సుదర్శనం కంట పడలేదు. గొణుక్కుంటూనే వెళ్లాడు. పైడమ్మ మిషను ఆపి, స్టూలు తుడిచి వేసింది. వేలి సంగతి అడగ్గానే మొహం పాలిపోయింది. లోపలికి వెళ్లి ఒక రేకుడబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. దాన్నిండా అతనిచ్చిన పొట్లాలు, చుట్టిన దారం చుట్టినట్టే ఉన్నాయి. మొదటిరోజు వేసుకున్నది వాంతి అయిపోయిందట. మళ్లీ ముట్టుకోలేదట. ప్రతి గురువారం పొద్దున్నుంచి శనివారం కాటా ఎక్కేదాకా మంచినీళ్లూ టీ తప్ప ఏమీ తీసుకోవడం లేదు. కిందటి శుక్రవారం కుడుతూ కుడుతూ కళ్లు తిరిగాయి, సూది వేల్లో దిగింది.

పడలేదని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అన్నాడు సుదర్శనం.

"రెండోవారం నా బరువు సదివి, అందరి ముందూ పెదివిరిసినారు బాబూ," అంది పైడమ్మ తలెత్తకుండా. "మళ్లీ ఆ సిగ్గు పడలేక తిండి మానీసినాను."

అంతటితో ఊరుకోలేదు. అతని మందుకి తనవల్ల మాటొస్తుందేమోనని, తప్పు కాయమని చేతులు జోడించింది.

సుదర్శనానికి పెదవి విరిచినట్టు గుర్తే లేదు. వారాల తరబడి ఒక మనిషిని ఆకలితో మాడ్చిన పని తనకి గుర్తుకూడా లేనంత చిన్నదైనందుకు అతను సిగ్గుతో కుంచించుకుపోయాడు. పొయ్యి వెలిగించమని బతిమాలాడు. ఆమె అన్నం వండుకుని తినేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు, ఆమె మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

తిరిగొచ్చి, జరిగిందంతా దాచకుండా చెప్పి, డబ్బా గురువుగారి ముందు పెట్టాడు. ఆ చూర్ణం అవతల పారబోస్తానన్నాడు.

భైరవమూర్తిగారు డబ్బా మూత పెట్టి అతని చేతికే తిరిగిచ్చారు.

"అదేం చేసింది పాపం? దాని సంగతి మనకింకా తెలియదు. ఈసారి కాటా లోపలి గదిలో పెట్టించు. తూచేది మాత్రం నువ్వు కాదు."