మట్టి అంటని బావమరిది

“గోదాలో రాజూ లేడు, రైతూ లేడు. తీర్పరి మాటే శాసనం. అది నాకు ఎదురొచ్చినా తలవంచుతాను.”

మణిదుర్గం రాజు నృపకేసరి పట్టాభిషేకం రోజున అన్న మాట ఇది. జనం జేజేలు కొట్టారు. కుస్తీ గోదా ముందు రాతిమీద చెక్కించారు కూడా. సమానత్వం రాతిమీద బాగానే ఉంటుంది. మట్టిలోకి దిగినప్పుడే దానికి కష్టాలు మొదలవుతాయి.

రాజుగారి బావమరిది వజ్రబాహుకు కుస్తీ పిచ్చి. ఒకరోజు గోదాలో వెల్లకిలా పడ్డాడు. వీపు మట్టికి తగిలితే ఓడినట్టే. తీర్పరి గంగయ్య ఉన్నమాట ఉన్నట్టు అరిచాడు.

“వజ్రబాహు ఓడాడు!”

ఆ సాయంత్రమే గంగయ్యను చెరసాలలో వేశారు.

రాజుకు తాంబూలం అందించే పేరన్నకు గంగయ్య మేనమామ. మామకు అన్నం మోసుకెళ్లి, తిరిగొచ్చి రాజుకు ఆకులు చుట్టి ఇవ్వడం పేరన్నకు నిత్యకృత్యమైంది. చేతులు ఆకులు చుట్టేవి. మనసు మామ దగ్గరే ఉండేది. చివరికి ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

“ప్రభూ, మా మామ తీర్పు తప్పా?”

“తీర్పులో తప్పేమీ లేదోయ్” అన్నాడు రాజు దయగా. “చెప్పిన తీరులో ఉంది. తీర్పరికి కళ్లుంటే చాలదు, మాటనేర్పు ఉండాలి. అంత కటువుగా అరుస్తారా ఎవరైనా?”

ఏలినవారి చెవి సుకుమారమైతే, చెప్పినవాడి గొంతుదే నేరం. ఏ రాజ్యంలోనైనా ఇంతే కాబోలు అనుకున్నాడు పేరన్న.

దసరా పోటీలు దగ్గరపడ్డాయి. వజ్రబాహు మళ్లీ తొడగొట్టాడు. తీర్పరిగా నిలబడటానికి ఒక్కడూ ముందుకు రాలేదు. అప్పుడు రాజు సభలో పరీక్ష పెట్టాడు.

“మావాడు ఓడితే ఆ సంగతి ఎలా చెప్తారు? ‘ఓడాడు’ అన్న మాట రాకూడదు. మావాడికి కోపం రాకూడదు. కానీ చివరి వరుసలో ఉన్నవాడికి కూడా అర్థం కావాలి, నాకు నమ్మకం కుదరాలి.”

ఆస్థాన పండితుడు లేచి గొంతు సవరించుకున్నాడు. “విజయానికి కొంచెం ఇవతల విశ్రమించారు, అందాం ప్రభూ.”

“భూదేవి ముచ్చటపడి ఆయన్ను కౌగిలించుకుంది, అంటే ఇంకా బాగుంటుంది” అన్నాడు మరో కవి.

“అదే మాట మీ పెరట్లో జారిపడ్డప్పుడు మీ ఆవిడతో అన్నారా?” అన్నాడు పేరన్న.

సభ గొల్లుమంది. రాజు కళ్లెగరేశాడు. “అయితే నువ్వే నిలబడు.”

“నిలబడతాను ప్రభూ. నెగ్గుకొస్తే మా మామను విడిచిపెట్టాలి.”

“నెగ్గకపోతే?”

“మా మామ పక్కన చోటుంది.”

దశమినాడు గోదా చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఎర్రమట్టిలో నూనె కలిపి తొక్కి మెత్తగా చేసి, పైన పొడిమట్టి చల్లారు. ఎదురు మల్లుడు గానుగ తిప్పే సూరప్ప. కుస్తీ మొదలుకాకముందే పేరన్న ఇద్దరినీ దగ్గరికి పిలిచి, నియమం గట్టిగా చెప్పి, ఇద్దరిచేతా ఒప్పించాడు. “వీపుకు మట్టి అంటితే ఆట ముగిసినట్టే. సరేనా దొరా?”

“నా వీపుకు మట్టా! ముందు ఈ గానుగవాడి సంగతి చూసుకో” అన్నాడు వజ్రబాహు.

పట్టు బిగిసింది. సూరప్ప ఒక్క మెలిక తిప్పాడు. ఇద్దరూ కలిసి కూలారు, ఎర్రటి దుమ్ము లేచింది. దుమ్ములో ఎవరు కిందో రాజుకు కనపడలేదు. దుమ్ము అణిగేసరికి వజ్రబాహు లేచి, రాజుకెదురుగా రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

“వీపు గాల్లోనే ఉంది, బావా! చూడు, మట్టి మరకైనా లేదు!”

రొమ్ముమీద నిజంగానే లేదు. మణిదుర్గంలో రాజుకు వీపు చూపడం మర్యాద కాదు. అందుకే వజ్రబాహు వీపు జనానికే కనపడుతోంది. జనం గోలగోలగా అరుస్తున్నారు. ఎవరేమంటున్నారో ఎవరికీ వినపడటం లేదు.

పేరన్న అరవలేదు. చెయ్యెత్తి, గోల దానంతటదే అణిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత వజ్రబాహు దగ్గరికెళ్లి, తాంబూలం అందించేటప్పటి గొంతుతోనే అన్నాడు.

“దొరా, ఒక్క మనవి. పాపం జనం ఇందాకటినుంచీ మీ ముఖం చూడాలని గోలపెడుతున్నారు. ప్రజలే ప్రభువులని మీరు ఎన్ని సభల్లో చెప్పలేదు! ఒక్కసారి వాళ్లకు దండం పెట్టండి. తీర్పు ఎక్కడికి పోతుంది?”

వజ్రబాహు ముఖం వెలిగిపోయింది. మీసం దువ్వి, గిర్రున జనంవైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

రాజుకు వీపు కనపడింది. మెడనుంచి నడుముదాకా గోడకు అలికినట్టు ఎర్రమట్టి.

ముందుగా నవ్వింది తెరచాటున ఉన్న రాణిగారు.

“తమ్ముడూ, ఇంటికి పద. వీపు తోమేవాళ్లను పిలిపిస్తాను!”

రాజు పొట్ట పట్టుకున్నాడు. జనం విరగబడి నవ్వారు. వజ్రబాహు వెనక్కి తిరిగి పేరన్నమీద కళ్లెర్రజేశాడు.

“ఏమిట్రా? నేను ఓడానన్నావా?”

“నేనేమీ అనలేదు దొరా. తీర్పు మీరే మోసుకొచ్చి ప్రభువులకు చూపించారు.”

ఆ మాటకు చివరికి వజ్రబాహుకు కూడా నవ్వాగలేదు. రాజు తన బంగారు కడియం ఊడదీసి పేరన్న చేతికి తొడిగాడు.

“భేష్! మాటనేర్పంటే ఇదీ!”

“మరి మా మామ, ప్రభూ?”

“ఆలోచిద్దాం” అన్నాడు రాజు, ఇంకా నవ్వుతూనే. “ఒక సభ వేసి, పెద్దల్ని సంప్రదించి...”

పేరన్న కడియం తీసి సూరప్ప చేతికి తొడిగి, ఆ చెయ్యి పైకెత్తాడు. జనం చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత గోదా మధ్యలో మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గొంతులో కోపం లేదు. కానీ చివరి వరుసకు ప్రతి మాటా వినపడింది.

“ఆలోచించండి ప్రభూ, తొందరేం లేదు. మా మామ చెప్పిందీ నేను చూపించిందీ ఒకటేనా కాదా? ఒకటే అయితే ఆయన ఇంకా లోపలెందుకున్నాడు? ఇంతమంది ముందు అడుగుతున్నాను, ఇంతమంది ముందే జవాబు కావాలి. అందాకా ఇక్కణ్ణుంచి లేవను. గడువు ఆశ్వయుజ పౌర్ణమి, పొద్దుగూకేలోగా.”