వెనక వరస నాంచారి, ముందు వరస చుక్కి

అనగనగా అనగా, సముద్రం ఒడ్డున ఒక రాజు. ఆ రాజుకి ఒక గాలిఓడ ఉండేదిట. రెక్కలాడించుకుంటూ ఆకాశంలో పోయేది. ఒక్క గవ్వ ఇస్తే చాలు, ఎక్కించుకునేవారు. జనం రాజుని దేవుడన్నారు. మరి ఊరుకుంటాడా? ఆ గవ్వ అలాగే ఉంచి మొదటేడు మూటకి సుంకం పెట్టాడు. రెండో ఏడు మూటకీ ముంతకీ సుంకం. మూడో ఏడు మూటకీ ముంతకీ కిటికీకీ సుంకం. ఆపైన కాళ్ళు చాపితే సుంకం, మంచినీళ్ళడిగితే సుంకం, లేచి నిలబడితే సుంకం. సుంకాలు రాసిన తాటాకు ఏటేటా పొడుగైపోయింది. ఊ కొట్టండర్రా, నోళ్ళు పడిపోయాయా?

ఆఖరికి మనవాళ్ళ పక్కన మనం కూర్చోవాలన్నా సుంకమేనట! వాడి మొహం మండ.

నాంచారి అని ఒక పిల్లతల్లి. మొగుడు అవతలి దీవిలో మగ్గం నేస్తూ, రమ్మని కబురంపాడు. అయిదేళ్ళ కూతురు చుక్కిని తీసుకుని బయల్దేరింది. చేతిలో ఉన్నదంతా బట్టలమూటకీ, పాలముంతకీ సరిపోయింది. సుంకాలు వసూలు చేసే గవరయ్య తాటాకు చూసి, తల్లిని చిట్టచివరి వరసలోనూ, పిల్లని మొట్టమొదటి వరసలో తన పీట పక్కనా కూర్చోబెట్టాడు. నాంచారి కాళ్ళావేళ్ళా పడింది. రాసి ఉన్నదే చేస్తానన్నాడు.

ఓడ లేచింది. అంతమంది ఉన్నారు, ఒకరికొకరు లేరు. మొగుడొక చోట, పెళ్ళామొక చోట. ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. చెప్తుంటే నాకే దిగులేస్తోంది. ముందు వరసలో చుక్కి ఏడుస్తోంది. రెక్కల చప్పుడుకి తల్లికి వినబడదు గానీ, చిన్న భుజాలు ఎగిరెగిరి పడటం కనబడుతోంది. లేచి వెళ్ళిందా, సుంకం కట్టలేదని దారిలో ఏ దిబ్బ మీదో ఇద్దర్నీ దింపేస్తారు.

అప్పుడు నాంచారి, తన ముందున్న ముసలాయన చెవిలో చెప్పిందిట, మా పిల్లకి చేరవెయ్యి బాబూ, అనగనగా ఒక పిట్ట ఉంది అని. ముసలాయన ముగ్గులమ్మే ఆవిడకి చెప్పాడు. ఆవిడ గాజులాయనకి చెప్పింది. గాజులాయన గవరయ్యకి చెప్పాడు. అక్కడ ఆగిపోయింది. పిల్ల పక్కనున్నది అతనొక్కడే మరి. తాటాకు ఈ చివర్నించి ఆ చివరిదాకా చదివాడు. కథకి సుంకం రాసి లేదు. చెప్పకూడదనీ రాసి లేదు. గొంతు సవరించుకుని, అనగనగా ఒక పిట్ట ఉందిట, అన్నాడు.

చుక్కి ముక్కు ఎగబీల్చి, “ఊ” అంది.

ఆ ఊ వెనక్కి బయల్దేరింది. గవరయ్య నుంచి గాజులాయనకి, గాజులాయన నుంచి ముగ్గులావిడకి, ముగ్గులావిడ నుంచి ముసలాయనకి, ముసలాయన నుంచి తల్లికి. నాంచారి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పిట్టకి గూడు లేదుట. ఊ. చెట్టునడిగిందిట. ఊ. చెట్టు పొమ్మందిట. ఊ. అలా మూడు సముద్రాలు దాటారు.

ఉన్నట్టుండి ఊ రాలేదు. ఇంకో మాట పంపింది. రాలేదు. ఇంక సుంకమేమిటి, దిబ్బేమిటి! లేచి పరిగెత్తింది. చూస్తే ఏముంది, పిల్ల గవరయ్య భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. అతను కదలకుండా కూర్చున్నాడు, కళ్ళనిండా నీళ్ళు. లేచినందుకు సుంకం అడుగుతాడనుకుంది. అతనేమో, తర్వాత పిట్ట ఏమైందమ్మా అని అడిగాడు.

అతనికి ఎవరూ లేరర్రా. ఓడలోనే తిండి, ఓడలోనే పడక. ఇన్నేళ్ళలో అతని పక్కన కూర్చోడానికి ఒక్కరూ సుంకం కట్టలేదు.

పిల్లని మెల్లిగా తల్లి ఒళ్ళోకి మార్చి, తన పీట ఆమెకిచ్చి, వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. నాంచారి మిగతా కథ చెప్పింది. గాజులాయన, ముగ్గులావిడ, ముసలాయన, అలా వెనక్కి వెళ్ళింది. కాసేపటికి వరసలన్నీ దాటుకుంటూ ఒక ఊ ముందుకొచ్చింది.

రాజు సుంకాలు తీసేశాడా అంటే, ఎందుకు తీస్తాడు? నాంచారి మొగుణ్ణి చేరింది, ముగ్గురూ చల్లగా ఉన్నారు. పక్కవాడి మాట ఒకటి అవతలికి అందిస్తే మన సొమ్మేం పోదు, తెలిసిందా? గవరయ్య ఇప్పటికీ ఆ ఓడలోనే తిరుగుతున్నాడు. పిల్లతల్లి ఎవరెక్కినా తాటాకు పక్కనపెట్టి, కథలొచ్చా అమ్మా అని అడుగుతాడుట.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరుదాం.