మర కొట్టని మధ్యాహ్నం

మంత్రి వీరభట్టు ఓడ మీద తెప్పించిన మర గడియారాన్ని కోట బురుజు మీద పెట్టగానే, నీట చిల్లు గిన్నె మునగడం చూసి గంట కొట్టే బైరన్న కొలువు ఊడింది. "కొత్త మర వచ్చాక నీ చిల్లు గిన్నె ఎవడిక్కావాలి?" అని జనం కూడా నవ్వారు.

వానలు పట్టాయి. చెమ్మకి మర నానాటికీ మందగించడం బైరన్న కనిపెట్టి, "అది తప్పు కొడుతోంది" అని బజారులో అన్నాడు. మంత్రి మండిపడ్డాడు.

"నా మర తప్పంటావా? రేపు మధ్యాహ్నం నీకు ఉరి!"

"చిత్తం దొరా. ఆ మధ్యాహ్నం మాత్రం తమ మరే కొట్టాలి."

మంత్రి పొంగిపోయి సరేనన్నాడు.

మర్నాడు మర పది కొట్టి ఆగిపోయింది. పొద్దు నడినెత్తికొచ్చింది. తలారి తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మధ్యాహ్నమైంది, కానివ్వు!" అని అరిచాడు మంత్రి.

"మర కొట్టలేదు కదా దొరా. అయితే అది తప్పేనా?" అన్నాడు బైరన్న.

మంత్రి ఆగిన మర వైపు చూశాడు. తప్పంటే బైరన్న మాటే నిజమవుతుంది. బాగుచేయించినా తప్పు ఒప్పుకున్నట్టే. మర మధ్యాహ్నం కొట్టేదాకా ఉంచమని బైరన్నని చెరసాలలో వేయించాడు.

ఏళ్లు గడిచాయి. భార్య ఎల్లమ్మ రోజూ వచ్చి అడగడం బైరన్నకి లోపలికి వినిపిస్తుంది.

"మా ఆయన్ని ఎప్పుడు వదుల్తారు బాబూ?"

మీసాలు నెరిసిన కాపలావాడు బురుజు వైపు చూస్తాడు.

"ఇంకా మధ్యాహ్నం కాలేదమ్మా."