మానుపిల్లి ఎందుకు పోదు?

మౌలాలిని పొద్దున్నుంచి ఒకటే సందేహం తొలిచేస్తోంది. ఆ మానుపిల్లి ఎందుకు పోదు?

మౌలాలి తాపీ మేస్త్రి. కర్నూలు పాతబస్తీలో గోడ నెర్రెలిచ్చినా, మిద్దె కారినా జనం అతన్నే పిలుస్తారు. చేతిలో పనితనం ఉంది, ఆ సంగతి అతనికీ తెలుసు. కొంచెం ఎక్కువే తెలుసనాలి. గురువారం వస్తే చాలు పీరాసాబ్ తాత దగ్గరికి పోతాడు. తాత పరుపులు కుట్టుకుని బతికే ఫకీరు. ఉపదేశాలూ గిపదేశాలూ ఆయన దగ్గర ఉండవు. శిష్యుడిగా చేరిన రోజున మాత్రం, నా చేతులతో ఏ జీవికీ చేటు చెయ్యను అని మౌలాలి నోట పలికించుకున్నాడు.

ఆ మాట తప్పకుండా పని ముగించానని నిన్న సాయంత్రమే మౌలాలి తెగ మురిసిపోయాడు. సువర్ణమ్మ అని రిటైరైన టీచరమ్మ ఒకామె ఉంది. ఆమె మేడమీది గదికి సీలింగు వేయించారు. సీలింగుకూ పైకప్పుకూ మధ్య మూరెడు ఖాళీ. బయటి గోడకున్న బొక్కలోంచి దూరి ఒక మానుపిల్లి అందులో కాపురం పెట్టింది. పిల్లి ఒళ్లు, ముంగిస మూతి, బారెడు నల్లతోక. దాని ఉచ్చ సీలింగులోంచి కారి మంచం మీద పడేది. కంపు భరించలేక ఆమె గదికి తాళం వేసి కింద పడుకుంటోంది. ఒకడు విషం పెట్టమన్నాడు, ఇంకొకడు టపాకాయలు కాల్చమన్నాడు. మౌలాలి మాత్రం, దాని వెంట్రుక కూడా ఊడకుండా పంపించేస్తా చూడమ్మా అన్నాడు.

అన్నట్టే చేశాడు. మునిమాపు వేళ అది మేతకు బయల్దేరేదాకా పిట్టగోడ చాటున నక్కి కూర్చున్నాడు. అది గోడ దిగి పక్కింటి బొప్పాయి చెట్టెక్కిందో లేదో, ఇటుకా సిమెంటూ పెట్టి బొక్క మూసేశాడు. టీచరమ్మ కాఫీ ఇచ్చి మరీ మెచ్చుకుంది.

తెల్లారేసరికి ఫోను. అది మళ్లీ వచ్చిందంట. పోయి చూస్తే ఎండలో పిట్టగోడ మీద కూర్చుని ఉంది. పగటిపూట మనిషి కంట పడే జంతువు కాదది. మౌలాలిని చూసి నాలుగడుగులు వెనక్కి పోయింది. అతను పక్కకు తప్పుకోగానే వచ్చి ఆ పచ్చి సిమెంటునే గీకింది. గోళ్ల దగ్గర నెత్తురు. ఆకలేమోనని మిద్దె అవతలి మూలన పండిన బొప్పాయి ముక్కలు పెట్టి చూశాడు. అటు తలైనా తిప్పలేదు. బొక్క మీద ఇంకో పూత గట్టిగా పూశాడు. దాన్నీ గీకింది.

పగబట్టిందేమో మౌలాలీ అని టీచరమ్మ భయపడింది. సాయంత్రంలోగా పోకపోతే కొట్టి చంపేవాళ్లకు కబురు పెట్టేశాననీ, తనకూ మనసొప్పడం లేదు గానీ ఇంకేం చేసేదనీ అన్నది.

అదీ మౌలాలి బాధ. అది కర్రదెబ్బలకు చస్తే తాతకిచ్చిన మాట నీళ్లలో కలిసినట్టే. పైగా ఆ జంతువు తీరు ఏమిటో ఎంతకీ అర్థం కావడం లేదు. ఇన్నేళ్లలో ఎన్ని బొక్కలు మూశాడు, ఎన్ని ఎలుకలు, ఎన్ని పావురాలు మారు మాట్లాడకుండా పోయాయి!

గురువారం కాకపోయినా మధ్యాహ్నం తాత దగ్గరికి బయల్దేరాడు. పెళ్లాం పనికి పోయింది గనుక మూడేళ్ల కూతురు నూరీని కూడా చంకనేసుకున్నాడు.

తాత దూది విడదీస్తూ విన్నాడు. మౌలాలి ఏకరువు పెట్టాడు. ఊరినిండా చెట్లున్నాయి, పాడుబడ్డ ఇళ్లున్నాయి, తుంగభద్ర గట్టుంది. తిండికి కొదవ లేదు. ఎవరూ కట్టెయ్యలేదు. అయినా మూసిన గోడను పట్టుకుని గోళ్లు ఊడేలా ఎందుకు గీకుతుంది?

"బుద్ధిలేని జంతువు. అంతే గదా తాతా?"

తాత దూది పక్కన పెట్టాడు. దాహమేస్తోంది, వీధి కొళాయి దగ్గర బిందెడు నీళ్లు పట్టుకురా అన్నాడు. నూరీ అప్పటికే దూదికుప్పలో పడి దొర్లుతోంది.

కొళాయి దగ్గర వరస పెద్దదే. మౌలాలి బిందె నింపుకుని వచ్చేసరికి తలుపు మూసి ఉంది. నెట్టాడు. లోపల గడియ. తాతా అని పిలిచాడు. పలకలేదు. నూరీని పిలిచాడు. ఆ పిల్ల పిలిస్తే పలక్కుండా ఉండే రకం కాదు. ఇప్పుడు చడీచప్పుడూ లేదు.

బిందె దించి కిటికీ దగ్గరికి పోయాడు. మూసి ఉంది. ఇంటి వెనక్కి తిరిగాడు, అక్కడి తలుపూ గడియే. గోడ పట్టుకుని ఎగబాకి రేకుల సందులోంచి తొంగి చూశాడు, చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. దిగి, ఇల్లంతా ఇంకోసారి చుట్టి, మళ్లీ ముందరికే వచ్చాడు. తాత దేవుడిలాంటి మనిషని తెలుసు. పిల్లకు ఏమీ కాదనీ తెలుసు. తెలిసి ఏం లాభం, మనసు ఊరుకుంటేనా? తలుపు చెక్కల సందులో వేళ్లు దూర్చి లాగాడు. గోరు చీరుకుపోయింది. ఆ సంగతి కూడా చూసుకోలేదు.

అప్పుడు లోపలినుంచి తాత గొంతు నింపాదిగా వినపడింది.

"ఎందుకురా గీకుతావు? ఊరంతా ఉంది గదా. పో."

"యాడికి పోయేది తాతా? నా బిడ్డ లోపలుంది!"

అని, అట్లనే నిలబడిపోయాడు. తలుపు సందులో ఇరుక్కున్న తన వేళ్లకేసి చూసుకున్నాడు.

గడియ తీసిన చప్పుడైంది. దూది మీద నూరీ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"పిల్ల ఇక్కడే ఉండనీ. నువ్వు పో" అన్నాడు తాత.

మౌలాలి పరుగు తీశాడు. టీచరమ్మ ఇంటి మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు అప్పటికే కర్రలతో నిలబడి ఉన్నారు. వాళ్లను తోసుకుని మిద్దెక్కి, ఉలీ సుత్తీ తీసి గోడ మీద పడ్డాడు. నీకేమన్నా మతిపోయిందా, మూసింది నువ్వే, పగలగొట్టేదీ నువ్వేనా అని టీచరమ్మ వెనకే వచ్చి కేకలేసింది. అతను సుత్తి ఆపలేదు. ఇటుక ఊడగానే వేలు పెదవి మీద పెట్టి, బొక్కలోకి చూపించాడు.

లోపల దారం తెగుతున్నంత సన్నగా మూడు గొంతులు.

ఆమె చెవి ఒగ్గి వింది. ఇద్దరూ వెనక్కి నడిచి మెట్ల తలుపు చాటుకు చేరారు. మానుపిల్లి పిట్టగోడ దిగి, అటూ ఇటూ కూడా చూడకుండా, నేరుగా లోపలికి పోయింది. కాసేపటికి ఏడుపులు ఆగిపోయాయి. టీచరమ్మ కిందికి వంగి, మీరు పోండి నాయనా, పని లేదు అని కర్రలవాళ్లను పంపించేసింది.

ఆపైన గొంతు తగ్గించి, మళ్లీ ఎప్పుడు మూస్తావని మౌలాలిని అడిగింది.

"నేను చెప్పేది కాదమ్మా" అన్నాడు మౌలాలి. "ఆ తల్లి చెప్పాల."