మూడో సుత్తి దెబ్బ

అనగనగా, గుర్రం లేకుండానే రథం పరుగెత్తే కాలం ఒకటి ఉండేదట. ఆ కాలంలో మేఘగిరి అనే కొండ మీద ఒక కోట, ఆ కోటలో ఉదగ్రసేనుడనే రాజు, ఆ రాజుకు ఒక మెరుపు రథం.

ఆ రథం కడుపులో ఒక పెట్టె. పెట్టె నిండా మెరుపు. సారథి కాలితో నొక్కితే రథం గాలిని చీల్చుకుంటూ పోయేది. కాలు తీస్తే తనంతట తానే నెమ్మదించేది. చక్రాల ఊపంతా తిరిగి మెరుపుగా మారి పెట్టెలోకి చేరేది. అదీ దాని గొప్ప.

బ్రేకులూ ఉండేవి. చక్రం లోపల ఒక ఇనుప పళ్ళెం, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టే రెండు బిళ్ళలు. కానీ కాలు తీస్తేనే ఆగే రథానికి వాటితో పనేముంది? ఏడాదికొక్కరోజు, అదీ కాసేపు. అందుకని వాటి మొహం చూసేవాళ్ళే లేరు.

ఆ ఒక్కరోజు కొండదిగుడు పండుగ. కోట నుంచి ఏడు మలుపులు తిరిగి, కింద సంతలోకి రథం దిగాలి. దిగే ముందు పెట్టెను అంచు దాకా మెరుపుతో నింపాలి. నిండు పెట్టెతో బయలుదేరితేనే శుభమని వాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళూ రథం డప్పుల వెనకాల నడక నడిచింది కనుక గండం గడిచిపోయింది.

ఈ ఏడు రాజుకు కొత్త సరదా పుట్టింది. రథం వేగం రెండింతలు చేయించాడు. బంగారు గొడుగు ఎత్తించాడు. సింహంలా గర్జించే బూర పెట్టించాడు. డప్పులు వద్దన్నాడు. "కొండ మీద బూర మోగితే, ఆ మోత కింద చేరేలోపు నా రథం చేరాలి!" అన్నాడు. ఔనౌనంది సభంతా. ఆ సభకు వేరే మాట వచ్చునా!

రాజుగారి రథాలకు ఇనుప పని చేసేది కమ్మరి అంకాళమ్మ. ఆ రథానికి సారథి ఆమె ఒక్కగానొక్క కూతురు నీలవేణి.

పండుగ నెలరోజులుందనగా అంకాళమ్మ చక్రం ఊడదీసి చూసింది. పళ్ళెం అంచున తుప్పు. బిళ్ళలు గాజులా నున్నగా, గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె వెంటనే కూతుర్ని పిలిచి చూపించింది.

"అమ్మా, ఎందుకు కంగారు? కాలు తీస్తే ఆగుతుందే!" అంది నీలవేణి.

అంకాళమ్మ ఒక కుండను అంచు దాకా నీళ్ళతో నింపి కూతురి ముందు పెట్టింది. "ఇందులో ఇంకో చెంబెడు పొయ్యి."

"ఎలా పొయ్యను? చోటేదీ?"

"మరి నిండు పెట్టెలోకి చక్రాల ఊపు ఎలా పోతుందే పిల్లా? చోటేదీ? నువ్వు కాలు తీసినా రథం నెమ్మదించదు. అప్పుడు నిన్ను ఆపాల్సింది ఈ తుప్పు ముక్కలే."

నీలవేణి వంగి ఆ తుప్పును గోటితో గీకి చూసింది.

అంకాళమ్మ మొదట రథాధికారి భుజంగరాయుడి దగ్గరికి వెళ్ళింది. పెద్ద పళ్ళేలు, మందపాటి కొత్త బిళ్ళలు వేయాలని చెప్పింది.

భుజంగరాయుడు పాత బిళ్ళను వేళ్ళతో తిప్పి చూసి నవ్వాడు. "మూడేళ్ళయినా గోరంత అరగలేదు. ఇంతకన్నా గట్టి సరుకు ఎక్కడ దొరుకుతుందమ్మా? బాగుందని ముద్ర వేసేశాను, పో."

"అరగనిది గట్టిదై కాదయ్యా, వాడకపోవడం వల్ల. పదేళ్ళుగా ఒర దాటని కత్తిని చూసి పదునుందంటారా?"

"నోరు ఎక్కువ" అన్నాడు అధికారి. నోరున్నందుకు తప్పు పట్టాడు గానీ, ఆ నోరు చెప్పింది చెవిన పెట్టలేదు.

రెండోసారి అలంకారాధికారి చిత్రాంగుడి దగ్గరికి వెళ్ళింది. ఈ ఏడు రథం మీద పడే ప్రతి మేకూ ఆయన చేతి మీదుగానే పోవాలి.

"చక్రం లోపలిదా? జనానికి కనబడుతుందా?" అన్నాడు చిత్రాంగుడు.

"కనబడదు."

"కనబడనిదానికి ఇంత గోలేమిటమ్మా! సరే, నీ మాట ఎందుకు తీసెయ్యాలి? సాయంత్రానికి కొత్తవైపోతాయి."

నిజంగానే సాయంత్రానికి మనుషుల్ని పంపాడు. వాళ్ళు పాత బ్రేకుల మీద ఎర్ర రంగు పూసి వెళ్ళారు! తుప్పు మీద రంగు! పుండు మీద గంధం పూసి నయమైందన్నట్టు! అంకాళమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడోసారి నేరుగా సభలోకి వెళ్ళింది. కుండ సంగతి చెప్పింది, తుప్పు సంగతి చెప్పింది, ఏడు మలుపుల పక్కనున్న లోయ సంగతి చెప్పింది. "ప్రభూ, ఆ రథంలో ఉండేది నా బిడ్డ. కింద సంతలో ఉండేది మీ బిడ్డలు" అంది.

ఉదగ్రసేనుడు మీసం దువ్వాడు. "నా రథం పరుగెత్తడానికి పుట్టింది, ఆగడానికి కాదు. ఇనుము కొట్టుకునే ఆడదానివి, కొలిమి చూసుకో."

సభ పకపకా నవ్వింది. అంకాళమ్మ నవ్విన ప్రతి మొహాన్నీ ఒకసారి చూసి బయటికి వచ్చింది. ఏడవలేదు. ఇంటికి పోయి కొలిమి రాజేసింది.

పండుగ రానే వచ్చింది. కోట ముందు జనం. నీలవేణి సారథి పీట మీద కూర్చుంది. తల దించలేదు.

మేఘగిరిలో ఒక పాత ఆచారం ఉండేది. రథం కొండ దిగే ముందు కమ్మరి దాని ఇరుసు మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. మూడో దెబ్బ పడకుండా ఏ రథమూ కొండ దారి పట్టదు.

అంకాళమ్మ ఒక దెబ్బ కొట్టింది. రెండో దెబ్బ కొట్టింది. సుత్తి దించి నిలబడింది.

"మూడోది కొట్టు!" అరిచాడు రాజు.

"నాకు ఈ రథం మీద నమ్మకం లేదు ప్రభూ. నమ్మకం లేని కమ్మరి, నమ్మకం ఉన్నవాళ్ళకు సుత్తి ఇవ్వాలి. మూడో దెబ్బ ఎవరు కొడితే వాళ్ళు సారథి పక్కన కూర్చుని కొండ దిగాలి. మీ తాతగారు పెట్టిన ఆచారమే."

ముసలివాళ్ళంతా తలలూపారు. ఔను, ఉంది.

అంకాళమ్మ సుత్తి పట్టుకుని భుజంగరాయుడి ముందుకు నడిచింది. "బాగుందని ముద్ర వేశారు కదయ్యా. పట్టండి."

భుజంగరాయుడు నడుం పట్టుకున్నాడు. "అబ్బబ్బా, పొద్దుటి నుంచీ ఒకటే నొప్పి. కూర్చోలేనమ్మా."

చిత్రాంగుడి ముందుకు నడిచింది. "కొత్తవైపోయాయన్నారు కదయ్యా. పట్టండి."

"నేనా? నాకు… నాకు ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు చిత్రాంగుడు, ఎత్తైన కొండ మీద పుట్టి, ఎత్తైన కొండ మీదే పెరిగినవాడు!

"నా బిడ్డకు కళ్ళు లేవా, నడుం లేదా?" అంకాళమ్మ గొంతు కోటగోడకు తగిలి మోగింది. "మీ ప్రాణమైతే నొప్పీ, తిరుగుడూనా? మా ప్రాణమైతే ముద్రా, ఎర్రరంగూనా?"

ఈసారి ఒక్కరూ నవ్వలేదు.

రాజు దిగ్గున లేచాడు. సుత్తి లాక్కున్నాడు. "పిరికిపందలు! నేను కొడతాను."

"కొట్టండి ప్రభూ. కొట్టే ముందు కోట మైదానంలో ఒక్క పరుగు చూడండి. అటు చివర ఏనుగుల గడ్డివాములున్నాయి. ఇక్కడ ఆగకపోతే గడ్డి. కొండ మీద ఆగకపోతే లోయ."

రాజు నీలవేణి పక్కన ఎక్కి కూర్చున్నాడు. రథం కదిలింది. కొత్త వేగం, నిండు పెట్టె. సగం మైదానం దాటాక నీలవేణి కాలు తీసింది.

రథం నెమ్మదించలేదు.

"ఆపు!" అన్నాడు రాజు.

నీలవేణి బ్రేకు తొక్కింది. కీచుమంది. పొగ వచ్చింది. కాలిన రంగు కంపు వచ్చింది. రథం మాత్రం ఆగలేదు.

"ఆపవే తల్లీ, ఆపు!"

"తొక్కుతూనే ఉన్నాను ప్రభూ!"

ఒక వామి, రెండు వాములు, మూడు వాములు చీల్చుకుని, నాలుగోదాని కడుపులో రథం ఆగింది. బంగారు గొడుగు ఎటు పోయిందో! సింహం బూర ఎవరూ నొక్కకుండానే గర్జిస్తోంది. మీసాల నిండా గడ్డితో రాజు బయటికి పాకాడు.

అంకాళమ్మ రాజును చూడలేదు. ముందు కూతురి ఒళ్ళంతా తడిమింది. చేతులు, కాళ్ళు, తల. అన్నీ సరిగ్గా ఉన్నాక అప్పుడు తిరిగింది.

రాజు మీసాల్లోని గడ్డి దులుపుకున్నాడు. "కొత్త బ్రేకులు చేయడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"చేసే ఉంచాను ప్రభూ. మీరు నన్ను కొలిమి చూసుకోమన్న నాటి నుంచీ కొట్టాను."

సంచి విప్పింది. వెడల్పాటి పళ్ళేలు, వేడి పోవడానికి వాటికి చిల్లులు. అరచేయంత మందం బిళ్ళలు. రాజు తల దించుకున్నాడు.

"ఇప్పుడే బిగించు. మధ్యాహ్నానికి దిగుదాం."

"దిగం" అంది అంకాళమ్మ. "కొత్త బిళ్ళ పళ్ళేనికి ఒరుసుకుని అలవాటు పడాలి. వారం రోజులు మైదానంలో తొక్కి, వదిలి, చల్లార్చి, మళ్ళీ తొక్కాలి. పెట్టెలో పావు వంతు ఖాళీ ఉంచాలి. శుభం ఆ ఖాళీలోనే ఉంది."

రాజు, జన్మలో మొదటిసారి, "సరే" అన్నాడు.

వారం తరువాత మూడో దెబ్బ అంకాళమ్మే కొట్టి, కూతురి పక్కన ఎక్కి కూర్చుంది. రథం ఏడు మలుపులూ దిగింది. సంత ముఖాన దారికి అడ్డంగా ఒక ముసలమ్మ రేగుపళ్ళ గంప దించుకుని కూర్చుని ఉంది. నీలవేణి బ్రేకు తొక్కింది. గంపకు బారెడు దూరంలో రథం నిలిచిపోయింది. ముసలమ్మ తలెత్తి కూడా చూడలేదు. "శేరు పళ్ళు కావాలా?" అంది.

జనమంతా మళ్ళీ ఎత్తిన బంగారు గొడుగును పొగిడారు. బూరను పొగిడారు. బ్రేకుల ఊసు ఒక్కరెత్తితే ఒట్టు! రాజు హారం ఇవ్వబోతే అంకాళమ్మ పక్కకు తోసింది. "మూడుసార్లు చెప్పాను ప్రభూ. మొదటిసారే విని ఉంటే, ఏనుగులకు గడ్డి అయినా మిగిలేది."

ఆ ఏటి నుంచి మేఘగిరిలో ముద్ర వేసిన అధికారే సారథి పక్కన కూర్చుని కొండ దిగాలని శాసనం అయింది. భుజంగరాయుడి నడుం నొప్పి అప్పుడే మాయమైంది. పండుగకు నెల ముందే చక్రాల కింద దూరి, బిళ్ళలు ఒక్కొక్కటే గీకి చూడటం మొదలుపెట్టాడు.

పిల్లలూ, ఇందులోని నీతి ఇదే: బాగుందని చెప్పేవాడు ముందు తాను ఎక్కాలి, తాను ఎక్కనివాడికి ఇంకొకరిని ఎక్కించే హక్కు లేదు.