నీలమ్మ వేసిన పీట

అనగా అనగా, చెప్పినవాళ్లు పోయినా చెప్పిన మాట పోని ఒక ఊరు. పేరు తంగెడుపల్లి. ఆ ఊళ్లో జంగం బసవలింగం అని ఒకాయన. తెల్లవారి శంఖం ఊది, గంట కొట్టి, ఇంటింటా గింజలు పట్టుకొచ్చి బతికేవాడు. అతని పెళ్లాం నీలమ్మ.

గడపగడపా తిరిగేవాడికి గడపగడప గోడూ తెలుస్తుంది గదా! ఊరు అతన్నే పెద్దగా ఎన్నుకుంది. దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. అదే పూట ఊరి పక్క వాగు పొంగింది. నొప్పులు పడుతున్న చెన్నమ్మను మంచం మీద మోసుకొచ్చినవాళ్లు గట్టునే ఆగిపోయారు. మంత్రసాని అవతలి గట్టున నిలబడి గుండెలు బాదుకుంది. చెన్నమ్మ దక్కలేదు.

ఆ కబురు విని బసవలింగం కుర్చీలోంచి లేచాడు.

"మా ఊరు కాలు తడవకుండా వాగు దాటేదాకా నేను కూచోను" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. నిలబడి తిన్నాడు, నిలబడి తగువులు తీర్చాడు. ఒళ్లు అలిస్తే పడుకున్నాడు గానీ కూర్చోలేదు. అతన్ని చూసి నీలమ్మకు మనసు నిలిచేది కాదు. రోజూ పీట వేసేది.

"పీట వేసినా, కూచోవయ్యా."

"వాగు దాటనీయే, కూచుంటా."

వంతెన అడిగితే అది తాలూకా పని అన్నారు. కాళ్లరిగేలా తిరిగి తాలూకా బోర్డుకు పెద్ద అయ్యాడు. అక్కడ, అది జిల్లా పని అన్నారు.

"పీట వేసినా, కూచోవయ్యా."

"వాగు దాటనీయే, కూచుంటా."

మళ్లీ తిరిగి జిల్లా బోర్డుకు పెద్ద అయ్యాడు. అక్కడ కుర్చీకి మెత్తటి దిండు. దాని పక్కన నిలబడే సంతకాలు పెట్టాడు. చివరకు ఒకే ఒక్క వంతెన చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే పై ఊరు కానాలపాడులో ముగ్గురు పిల్లలు వాగులో కొట్టుకుపోయారు. బసవలింగం అన్నం ముట్టలేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. వంతెన కానాలపాడుకు ఇచ్చేశాడు.

తంగెడుపల్లి భగ్గుమంది. తర్వాతి ఎన్నికల్లో సొంత ఊరే అతన్ని ఓడించింది. నీళ్లకు పోతే ఆడవాళ్లు నీలమ్మను చూసి మొహం తిప్పుకున్నారు. ఆమెకు ఊరి మీద ఒళ్లు మండింది. మొగుడి మీద అంతకన్నా మండింది.

"అంతా అయిపాయ. ఇప్పుడన్నా కూచోవయ్యా."

"వాగు దాటనీయే."

ఒక్కడే వాగులోకి రాళ్లు దొర్లించసాగాడు. వాన వస్తే కొట్టుకుపోయేవి. మళ్లీ దొర్లించేవాడు. ఒకనాడు ఒక బండకు ఆనుకుని, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ప్రాణం విడిచాడు.

జంగాల్లో పోయినవాళ్లను పడుకోబెట్టరు, కూర్చోబెట్టి పూడుస్తారు. కులపెద్దలు గుంత తవ్వించారు. నీలమ్మ అడ్డం పడింది.

"ఆయన్ని కూచోబెట్టొద్దు!"

"కూచోబెట్టకపోతే శివుడి దగ్గరికి ఎట్ల పోతాడమ్మా?"

"కూచోబెడితే మాట తప్పినోడై పోతాడు. బతికినన్నాళ్లూ కూచోలేదే, ఇప్పుడు బలవంతాన కూచోబెడతారా? ముందు వాగు దాటించండి!"

అందరికన్నా ముందు చెన్నమ్మ మొగుడు తలగుడ్డ చుట్టి ఒక రాయి ఎత్తాడు. వెనకే ఊరు కదిలింది. కబురు తెలిసి కానాలపాడు బండరాళ్లతో బళ్లు కట్టుకొచ్చింది. పొద్దు వాలేసరికి గట్టు నుంచి గట్టుకు రాతిబాట నిలిచింది.

నీలమ్మ అవతలికి పోయి, ఇవతలికి వచ్చింది. పాదాలు తడవలేదు. ఇంటికి పోయి పీట తెచ్చి గుంతలో వేసింది.

"పీట వేసినా. వాగు దాటినాం. ఇంక కూచోవయ్యా" అంది. అప్పుడు ఏడ్చింది.

ఇప్పటికీ ఆ వాగు ఒడ్డు ఊళ్లల్లో ఎవరు గెలిచినా దండ వేస్తారు, కుర్చీ వెయ్యరు. ఊరు అడిగిన మొదటి పని అయ్యేదాకా ఆ పెద్ద నిలబడాల్సిందే. తొందరపడి కూర్చున్నాడా, ఎవరో ఒక ముసలమ్మ అడుగుతుంది:

"వాగు దాటినామా, నాయనా?"

ఎంతటివాడైనా లేచి నిలబడతాడు.